ప్రెక్సీ, తాళాల మాస్టారు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడి జ్ఞాపకాలు చెప్పమన్నారు. నేను అమెరికా మాట ఒకటి పట్టుకొచ్చాను. అది చివరికి మన బడికే చేరుతుంది, కాస్త ఓపిక పట్టండి.

ఎమ్మెస్ చదవడానికి నేను వయోమింగ్ రాష్ట్రంలోని లారమీకి వెళ్లాను. ఏడు వేల అడుగుల ఎత్తున ఉన్న చలి ఊరు. మొదటి వారంలోనే ఒక తోటి విద్యార్థి, "మధ్యాహ్నం ప్రెక్సీస్ పాశ్చర్ దగ్గర కలుద్దాం" అన్నాడు. పాశ్చర్ అంటే పశువులు మేసే బయలు కదా! ప్రెక్సీ ఎవరో రైతు కాబోలనుకుని ఊరి చివరంతా తిరిగాను. తీరా చూస్తే అది విశ్వవిద్యాలయం నడిమధ్యన ఉన్న పచ్చిక మైదానం. ప్రెక్సీ అంటే సాక్షాత్తు యూనివర్సిటీ ప్రెసిడెంటు, అంటే మన వైస్ ఛాన్సలర్ లాంటివారు! తొలినాళ్లలో ఆయనకు అక్కడ తన పశువుల్ని మేపుకునే హక్కు ఉండేదని ఆ ఊళ్లో చెప్పుకుంటారు.

అంత పెద్దాయనకి ఇంత చిన్న పేరేమిటని ఆరా తీశాను. పాతకాలం విద్యార్థులు 'ప్రెసిడెంట్'ని 'ప్రెక్స్' అని కుదించారు. తర్వాత అది ముద్దుగా 'ప్రెక్సీ' అయింది. 1851లో బెంజమిన్ హోమర్ హాల్ అనే హార్వర్డ్ విద్యార్థి కాలేజీ మాటలను, ఆచారాలను సేకరించి పుస్తకం వేశాడు. అందులో అప్పటికే 'ప్రెక్స్' ఉంది. తమాషా ఏమిటంటే, లాటిన్‌లో ప్రెక్స్ అంటే ప్రార్థన. అప్పటి ప్రెసిడెంట్లు చాలామంది పాదరీలే. లాటిన్ చదివిన ఆ కుర్రాళ్లు ఈ పోలిక చూసి నవ్వుకునే ఉంటారు.

ఆ రోజుల్లో ప్రెసిడెంటు అందనంత ఎత్తులో ఉండేవారు కాదు. ఆఖరి సంవత్సరం పిల్లలకు నీతిశాస్త్రం స్వయంగా చెప్పేవారు. తప్పు చేస్తే పిలిచి మందలించేవారు. యూనియన్ కాలేజీలో ఎలిఫలెట్ నాట్ 1804 నుంచి 1866 దాకా, 62 ఏళ్లు ప్రెసిడెంటుగా ఉన్నారు. తాత, తండ్రి, మనవడు ఒకే మనిషి దగ్గర చదువుకోగలిగినంత కాలం!

ఆ తర్వాత ఈ మాట కాలేజీ గేటు దాటింది. 'వెరైటీ' అనే సినిమా పత్రిక కంపెనీల అధిపతులను కూడా ప్రెక్సీలే అంది. కాలేజీల్లో మాత్రం ఇప్పుడది పాతబడింది. వేల మంది చదివే చోట ప్రెసిడెంటు పేరు ఈమెయిల్ అడుగున తప్ప కనిపించదు. చూడని మనిషికి ముద్దుపేరు ఎవరు పెడతారు?

ఇక మన బడికొస్తాను. మన పెద్ద మాస్టారి నడుముకి తాళాలగుత్తి ఉండేది. గలగల వినపడగానే "తాళాలొస్తున్నాయిరా!" అని అరిచి క్లాసుల్లోకి దూరేవాళ్లం. ఒకరోజు నేను అరిచి వెనక్కి తిరిగితే ఆయన అక్కడే ఉన్నారు. నా కాళ్లు వణికాయి. ఆయన మాత్రం, "తాళాలు వచ్చేశాయి గానీ, లోపలికి పద" అన్నారు, అంతే.

ఆయన రిటైరైన రోజు ఇదే ప్రాంగణంలో నేను మాట్లాడాను. 'గౌరవనీయులు', 'విద్యాప్రదాత' అంటూ బరువైన మాటలు ఏరుకొచ్చాను. సభ అయ్యాక దగ్గరికి పిలిచి, "ఏరా, మీరు నాకు పెట్టిన పేరు ఒక్కసారీ అనలేదేం?" అని అడిగారు. సిగ్గుతో తల దించుకున్నాను. ఆయన నవ్వి, భుజం తట్టి వెళ్లిపోయారు. ఇవాళ ఆయన లేరు.

ఈనాటి ఉపాధ్యాయులకు నాదొక్కటే మనవి. మనసు నొప్పించే పేరైతే మందలించండి. కానీ ఊరికే చాటుగా పెట్టుకున్న పేరైతే విననట్టే ఉండండి. మిమ్మల్ని రోజూ చూస్తున్నారు కాబట్టే ఆ పేరు పుట్టింది. ఏ పేరూ పెట్టని రోజు వస్తే అప్పుడు ఆలోచించండి.

ఆనాడు అనలేని మాట ఈనాడు అంటున్నాను. తాళాల మాస్టారూ, మీకు నా నమస్కారం.