బరువు దిగితే కరెంటు వస్తుందా?
(సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటీవల మేము తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో, మినిట్సు పుస్తకంలో ఒక తీర్మానం చూశాము. బరువు కిందికి దిగుతుంటే విద్యుత్తు పుట్టించే యంత్రాన్ని సంఘ నిధితో కొనాలట. పాలు చల్లబరచడానికి ఇక డీజిలు ఖర్చే ఉండదట. సొమ్ము ఇంకా చెల్లించలేదు గనుక మేము కూర్చుని లెక్క వేసి చూపించాము.

ఒక టన్ను బరువు 10 మీటర్లు దిగితే వచ్చే శక్తి 98 వేల జౌళ్ళు. ఒక యూనిట్టు విద్యుత్తు అంటే 36 లక్షల జౌళ్ళు. అనగా, నష్టమేమీ లేకున్నా, సుమారు 37 సార్లు దింపాలి. దింపిన ప్రతిసారీ మళ్ళీ ఎత్తాలి. ఎత్తడానికి పట్టే శక్తి, చేతికి వచ్చే కరెంటు కంటె ఎప్పుడూ ఎక్కువే.

“మరి శ్రీశైలంలో నీరు పడి కరెంటు వస్తున్నది గదా?” అని ఒక సభ్యుడు అడిగారు. మంచి ప్రశ్నే. అక్కడ నీటిని ఆవిరి చేసి పైకెత్తేది సూర్యుడు. ఆయన బిల్లు పంపడు. ఎడమ గట్టు కేంద్రంలోని 6 యూనిట్లు, ఒక్కొక్కటి 150 మెగావాట్లవి, నీటిని తిరిగి పైకి తోడగలవు. అందుకు వచ్చేదానికంటె ఎక్కువ కరెంటే పడుతుంది. మిగులు వేళ దాచి, కొరత వేళ వాడుకోవడమే అక్కడి లాభం.

ఆ తీర్మానం రద్దయింది. వెన్న శాతం చూడనిదే మనం పాలకు ధర కట్టము. యంత్రానికి కూడా ఒక పరీక్ష పెట్టండి: దిగిన బరువును ఎత్తేదెవరు?