ట్రంకుపెట్టెలో కాగితాలు



2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్ళు ఎన్నో కాలిపోయాయి. ఆ వార్త వినగానే మా అమ్మ ట్రంకుపెట్టె తెరిచి పట్టా ఉందో లేదో చూసుకుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం తండాల్లో మీ ఇళ్ళలోనూ అలాంటి పెట్టె ఉంటుంది. డి.కె.టి. పట్టా, కుల ధ్రువపత్రం, అవ్వ పేటియా, కాంచళి వేసుకుని దిగిన ఒకే ఒక్క ఫోటో, అన్నీ అందులోనే. చెదలు పడితే మళ్ళీ రావు.

నలుగురు కలిసి ఒక చిన్న ఫ్లాట్‌బెడ్ స్కానర్ కొనండి. కొన్నిటికి యూఎస్‌బీ వైరు నుంచే కరెంటు అందుతుంది. అద్దాన్ని పొడిగుడ్డతో తుడవండి. మడతల్లో చిరిగిన కాగితాన్ని మెల్లగా పరిచి పెట్టండి. కాగితాలకు 300 డీపీఐ, ఫోటోలకు 600 చాలు. పట్టా వెనకవైపు కూడా తీయండి. ఫైలుకు ఊరు, ఇంటిపెద్ద, సంవత్సరం పేరుగా పెట్టండి. కంప్యూటర్‌లో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, వేరే ఊళ్ళోని బంధువు దగ్గర ఒకటి ఉంచండి.

2022లో మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది. పాత కాగితాల మీద చిత్తూరు అనే ఉంటుంది. చెల్లదనుకుని పారేయకండి. స్కాన్ చేశాక అసలును ఇంకా భద్రంగా దాచండి.

ఫోటోలో ఉన్నదెవరో మాత్రం స్కానర్ చెప్పదు. అవ్వ ఉండగానే అడిగి రాసుకోండి.