పట్టకారు ఎవరి చేతిలో?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

అమెరికా జీవితం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శి గారు. వీసాల గురించీ డాలర్ల గురించీ చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను పెరట్లో పొయ్యి గురించి చెబుతాను. నవ్వకండి. అక్కడి మన ఇళ్ళలో పని ఎవరిది, పేరు ఎవరిది అన్నది నాకు ఆ పొయ్యి దగ్గరే బాగా తెలిసింది.

మే నెలాఖరులో వచ్చే మెమోరియల్ డే మొదలు సెప్టెంబరులో లేబర్ డే దాకా, ఎండ కాసిన శనివారమల్లా ఏదో ఒక పెరట్లో పొగ లేస్తుంది. జులై 4న అయితే వీధి వీధంతా లేస్తుంది. బార్బెక్యూ అంటారు. (అక్కడి దక్షిణాది రాష్ట్రాల వాళ్ళు ఈ మాటకి ఒప్పుకోరు. సన్నని సెగమీద గంటల తరబడి పొగలో మగ్గితేనే బార్బెక్యూ అట, మనం చేసేది ఉత్త గ్రిల్లింగేనట. మన దగ్గర బిర్యానీ గురించి జరిగే తగాదాలాంటిదే.)

పెరట్లోకి అడుగుపెట్టగానే లెక్క తెలిసిపోతుంది. గ్రిల్లు చుట్టూ మగవాళ్ళు, వంటింటి గట్టు చుట్టూ ఆడవాళ్ళు. ఇంట్లో టీ కూడా పెట్టుకోని మనిషి ఇక్కడ ఏప్రన్ కట్టుకుని, పట్టకారు చేత్తో పట్టుకుని సేనాపతిలా నిలబడతాడు. నిప్పూ మాంసమూ ఆదిమానవుడి కాలం నుంచీ మగవాడి పని అని పక్కనున్న తెల్లాయన చెబుతాడు. మనవాడు నలభీమపాకం అని అందుకుంటాడు. నలుడూ మగవాడే, భీముడూ మగవాడే కదా! పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి దగ్గర ఉండేదీ మగవాళ్ళే. నాలుగు వందలమందికి వండితే మగవాడి పని, నలుగురికి రోజూ వండితే ఆడవాళ్ళ పని.

నిజానికి ఆ పెరటి పొయ్యికి అంత చరిత్ర లేదు. రెండో ప్రపంచయుద్ధం తరవాత ఊరి శివార్లలో పెరడున్న ఇళ్ళు పెద్ద ఎత్తున లేచాయి. 1952లో షికాగో దగ్గర జార్జ్ స్టీఫెన్ అనే ఆయన, తాను పనిచేసే వెబర్ బ్రదర్స్ లోహపు పనుల కర్మాగారంలో, నీళ్ళమీద తేలే బోయాలకి వాడే లోహపు గోళాన్ని రెండు సగాలు చేశాడు. కింది సగానికి కాళ్ళు పెట్టాడు, పై సగానికి పిడి పెట్టి మూత చేశాడు. ఇంజనీరుగా ఆయనకి దండం పెడతాను. ఆ కాలపు ప్రకటనల్లో నాన్న గ్రిల్లు దగ్గర, అమ్మ సలాడ్ గిన్నెతో. ఆ బొమ్మే ఇప్పటికీ నడుస్తోంది. జూన్‌లో ఫాదర్స్ డే వస్తే దుకాణాల నిండా పట్టకార్లే.

ఒకసారి ఇరవైమంది వచ్చిన విందుకి కాగితం మీద లెక్క వేశాను. బొగ్గులు రాజేసిన దగ్గర్నుంచి ఆఖరి ముక్క దించేదాకా రెండు గంటలు. అందులో సగం కబుర్లు. ఇక రెండో వైపు: శుక్రవారం రాత్రి చికెన్‌కి పెరుగూ అల్లంవెల్లుల్లీ కారమూ నిమ్మరసమూ పట్టించడం, పనీరు ముక్కలు పుల్లలకి గుచ్చడం, పులిహోర, పెరుగన్నం, పిల్లలకి పాస్తా, ఎవరి పిల్లాడికి వేరుశెనగ పడదో గుర్తుపెట్టుకోవడం, పళ్ళేలు, గ్లాసులు, మర్నాటి గిన్నెలు. పదకొండు గంటలు తేలింది. అందులో ఇంటాయన వాటా బొగ్గుల సంచి మోసుకురావడం. వెళ్ళేటప్పుడు అందరూ ఆయన భుజం తట్టి "చికెన్ అదిరింది బాసూ" అన్నారు. ఆ రుచి శుక్రవారం రాత్రిది.

నిప్పు దగ్గర నిలబడటం తేలికని అనను. ఎండలో పొగ మింగుతూ, చికెన్ లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 74 సెల్సియస్ వచ్చేదాకా చూసుకోవాలి. తేడా వస్తే పిల్లలకి జబ్బు చేస్తుంది. కానీ పెరటి పొయ్యి నుంచి లోపలి పొయ్యికి ఇరవై అడుగులే. ఆ ఇరవై అడుగులు నడిచిన మగవాళ్ళని నేను తక్కువ చూశాను.

మా మిత్రుడి భార్య మందుల కర్మాగారంలో ప్రాసెస్ ఇంజనీరు. వేడి సంగతి మా అందరికంటే ఆవిడకి బాగా తెలుసు. ఒక విందులో ఆవిడే గ్రిల్లు దగ్గర నిలబడింది. ఐదు నిమిషాలు గడవలేదు, ఒకాయన వచ్చి "మీకెందుకమ్మా ఈ పొగ, ఇటివ్వండి" అని చేతిలోంచి పట్టకారు తీసుకున్నాడు. మర్యాదగానే. మగవాడి చేతిలోంచి అలా తీసుకోవడం నేనెప్పుడూ చూడలేదు, సలహాలైతే ఉచితంగా ఇస్తారు. ఆయన నిమిషానికోసారి మూత తీశాడు. కొవ్వు బొగ్గులమీద పడి మంట లేచింది. ముక్కలు పైన మాడాయి, లోపల పచ్చి. ఆవిడ థర్మామీటరు గుచ్చి చూసి, "ఇంకో పదిహేను నిమిషాలు అన్నయ్యగారూ" అంటూ ముక్కల్ని బొగ్గుల్లేని పక్కకి జరిపి మూత పెట్టింది. అందరూ తిన్నారు. పోతూ పోతూ వాళ్ళాయనకి థాంక్స్ చెప్పారు. ఆయన సాయంత్రమంతా కూలర్ దగ్గర డ్రింకులు పోస్తూ ఉన్నాడు! ఆవిడ నవ్వి ఊరుకుంది.

ఇంకో మాట, శాకాహారుల గురించి. ఒకే పట్టకారుతో చికెన్ తిప్పి, మొక్కజొన్న కంకీ తిప్పితే, ఆ కంకి తినలేక పెరుగన్నంతో సరిపెట్టుకునే పెద్దావిడ ప్రతి విందులోనూ ఒకరుంటారు. ఊరినుంచి కొడుకింటికి వచ్చిన తల్లి. అడగదు. రెండో పట్టకారు కొనడానికి పది డాలర్లు చాలు. వాళ్ళకి ముందు కాల్చి, తరవాత మాంసం పెడితే ఆ పదీ అక్కర్లేదు.

పిల్లల తరం కొంత నయం. మావాళ్ళ పెరట్లో అమ్మాయిలు కాలుస్తారు, అబ్బాయిలు సలాడ్ కోస్తారు. గిన్నెల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అబ్బాయిలకి ఇప్పటికీ ఫోన్లు వస్తుంటాయి.

ఈ మధ్యాహ్నం భోజనాలకి మా 1986 బ్యాచి మగవాళ్ళం వడ్డనకి పేర్లిచ్చాం. వడ్డన ఒక్కటే అయితే అదీ గ్రిల్లు దగ్గర నిలబడ్డట్టే. అందుకని విస్తళ్ళు తీయడానికి, బల్లలు తుడవడానికి కూడా ఇచ్చాం. ఆరుగురమే ఉన్నాం, ఇంకో నలుగురు కావాలి. కాగితం కార్యదర్శి గారి దగ్గరుంది.