సంఘనిధియు యాచకధర్మమును
(వార్షిక మహాసభయందు విశ్రాంతోపాధ్యాయు లొకరు గావించిన యుపన్యాసము)



మన విద్యార్థి వసతిగృహమునకు పెద్ద దాతల వలన శాశ్వతనిధిని గూర్చుటయా, లేక ఏటేట ఇంటింటి చందాలతో నడుపుటయా యను తీర్మానము నేటి మధ్యాహ్నము సభ ముందునకు రానున్నది. అంతకు ముందుగా ధనసేకరణమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను గోరిరి. జీవితమంతయు బడిపిల్లలకు విభక్తులు చెప్పినవాడను గావున అచ్చటనే మొదలిడెదను.

దానము పుచ్చుకొనువానిని సంస్కృత వ్యాకరణము సంప్రదాన మనును. అతనికి చతుర్థీ విభక్తి. కాని రజకునకు వస్త్రమిచ్చుచోట చతుర్థి రాదని పెద్దలందురు. ఏలయన, ఆ వస్త్రము తిరిగి వచ్చునది. స్వత్వమును పూర్తిగా విడిచి యిచ్చినదే దానము. శిలాఫలకముపై పేరు, వేదికపై కుర్చీ, మేనల్లునకు వసతిగృహమున చోటు, వీనిని మనసున నుంచుకొని యిచ్చిన సొమ్ము ఉదుకనిచ్చిన వస్త్రము వంటిదే. ప్రత్యుపకారము గోరియు, మనసు కష్టపెట్టుకొనియు నిచ్చినది రాజసదానమని భగవద్గీత పదునేడవ యధ్యాయము చెప్పుచున్నది. ఇందు దాత నొక్కనినే నిందింపరాదు. ఆ యాశలు చూపి యడిగినది మనమే గదా!

మరి యెట్లడుగవలెను? 1894లో దక్షిణాఫ్రికాయందు గాంధీగారు నెలకొల్పిన నేటాలు ఇండియను కాంగ్రెసు చరిత్ర మనకు మంచి పాఠము. ఆ దేశపు చెరకుతోటలకు కూలికై పోయినవారిలో మన తెలుగువారును పలువురు గలరు. మొదట నెలకు కనీసము 5 షిల్లింగులు చందా విధించిరి. నెలనెల వసూలగుట కష్టమని తేలగా, ఏడాదికి కనీసము 3 పౌండ్లుగా ముందుగనే గైకొనసాగిరి. టోంగాటు అను నూర నొక గృహస్థు 6 పౌండ్లీయదగినవాడై యుండియు 3 పౌండ్లకు మించి యీయననెను. ఆకలితోనున్నను ఎవ్వరును భుజింపక, కోపింపక, రాత్రియంతయు నచ్చటనే కూర్చుండిరి. తెల్లవారుచుండగా నాతడు 6 పౌండ్లు నిచ్చి విందును జేసెను. ఈ పట్టుదల అందరికిని తగదు. తాను పస్తుండి యడుగువానికే తగును.

ఆ సంస్థలో ప్రతి చిన్న మొత్తమునకును రసీదు తప్పనిసరి. లెక్కలు శుద్ధముగా లేనిచో సత్యమును నిలుపజాలమని గాంధీగారి నమ్మకము. అప్పుచేసి ప్రజాకార్యము నడుపరాదనియు, శాశ్వతనిధి సంస్థ పతనమునకు బీజమనియు ఆయన తన యాత్మకథలో వ్రాసిరి. వడ్డీతో బ్రతుకు సంస్థ ప్రజల యభిప్రాయమును లెక్కచేయదు. ఏటేట అడుగవలసిన సంస్థ ఏటేట జవాబు చెప్పవలసియుండును. ఒక యేటి వ్యయమునకు సరిపడు నిలువ నుంచుకొని, మిగిలినది పంట యింటికి వచ్చు నెలలలో ఇంటింటికి తిరిగి గైకొనుడని నా మనవి.

ఇక దాతలతో మైత్రి. చందా పుస్తకముతో దాత యింటికి ఎన్ని మారులు పోవుదుమో, వార్తతో నన్ని మారులు పోవలెను. పరీక్షాఫలితములు తెలిసిన వారములోనే ప్రతి దాతకు ఒక కార్డు వ్రాయుడు. సంచికలో దాతల పట్టికను మొత్తముల వరుసను గాక గ్రామముల అకారాది క్రమమున అచ్చువేయుడు. నూరు రూపాయలిచ్చిన వితంతువు పేరును, లక్ష యిచ్చిన కంట్రాక్టరు పేరును ఒక్క అక్షరపు కొలతలోనే యుండవలెను.

చట్టమును గూర్చియు నొక కఠినమైన మాట చెప్పక తప్పదు. ఒక కులము మేలుకొరకే యని ప్రకటించుకొన్న సంస్థకిచ్చిన దానమునకు పన్ను తగ్గింపు లేదని 1961 నాటి ఆదాయపుపన్ను శాసనము విధించెను. షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, బాలలు, వీరికొరకైన సంస్థలకు మాత్రము సడలింపు గలదు. మన గృహ మా సడలింపులలో జేరదు. 2017 నుండి 2,000 రూపాయలకు మించిన నగదు దానమునకు తగ్గింపు వర్తింపదు. 2025లో క్రొత్త శాసనము వచ్చినది గావున, ఆడిటరు గారి నడిగి నిశ్చయించుకొనకుండ మన రసీదుపై పన్ను తగ్గింపు మాట అచ్చువేయుట దాతను మోసగించుటయే.

అమెరికాయందున్న మన బిడ్డల సంగతియు నిట్టిదే. భారత పౌరులుగా నున్నవారు తమ సొంత సొమ్మును బ్యాంకు ద్వారా పంపినచో అది విదేశీ విరాళము గాదు. ఆ దేశపు పౌరసత్వము గైకొన్నవారు పంపినచో 2010 నాటి విదేశీ విరాళముల చట్టము వర్తించును. సంఘమునకు అనుమతి యుండవలెను; 2020 సవరణ ననుసరించి ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేటు బ్యాంకు ప్రధానశాఖ ఖాతాకే చేరవలెను. అన్నదమ్ము లిరువురు పంపిన సొమ్మునకు వేర్వేరు త్రోవ లన్నమాట!

కావున నా ప్రార్థన యిది: మన గృహమును బీదవిద్యార్థు లందరికిని, కులమడుగకుండ, తెరచుటకు నియమావళిని సవరింపుడు. చట్టము కొరకు మాత్రమే గాదు. ఆకలికి కులము లేదని మనము సభలలో చెప్పుచున్నాము. ఆ మాట మన అన్నపు పంక్తిలోను గనబడవలెను. అప్పుడు దాత వాకిట మనము తలవంచక నిలువగలము, ఆతడును స్వత్వము విడిచి ఈయగలడు. మధ్యాహ్నము చేయియెత్తు వేళ దీనిని తలచుడని వేడుచు విరమించుచున్నాను.