క్లెయిములు చెప్పే వైద్యం



టెక్సాస్ దక్షిణాన, మెక్సికో సరిహద్దులో మెకాలెన్ అనే ఊరుంది. వృద్ధుల కోసం అమెరికా ప్రభుత్వం నడిపే మెడికేర్ లెక్కల్లో అది దేశంలోకెల్లా ఖర్చెక్కువైన ఊళ్లలో ఒకటిగా ఉండేది. అక్కడి డాక్టర్లు అవసరానికి మించి పరీక్షలు, ఆపరేషన్లు చేస్తున్నారని 2009లో సర్జన్, రచయిత అతుల్ గవాండే ‘న్యూయార్కర్’ పత్రికలో రాస్తే, ఆ వ్యాసం వైట్‌హౌస్ దాకా వెళ్లింది. మరుసటి ఏడాది ముగ్గురు పరిశోధకులు అదే ఊరిని ఇంకో లెక్కతో చూశారు. టెక్సాస్ బ్లూక్రాస్ అనే ఇన్సూరెన్స్ సంస్థ చెల్లించిన క్లెయిములు తీసుకుని, 65 ఏళ్లలోపు వాళ్ల ఖర్చును ఎల్‌పాసో నగరంతో పోల్చారు. మెడికేర్ ఖర్చు ఎల్‌పాసోలో కంటే మెకాలెన్‌లో 86 శాతం ఎక్కువ. బ్లూక్రాస్ ఖర్చు మాత్రం 7 శాతం తక్కువ! ఊరు మారలేదు. డబ్బు కట్టే వాళ్లు మారారు, అంతే.

ప్రైవేటు ఇన్సూరెన్స్ క్లెయిములు విడిగా చదవాల్సిన అవసరం ఎంతుందో ఈ ఒక్క ఉదాహరణతోనే తెలుస్తుంది. ఒక్కో క్లెయిములో రోగి వయసు, జబ్బు కోడు, చేసిన చికిత్స కోడు, తేదీ, ఆస్పత్రి, అడిగిన సొమ్ము, ఇచ్చిన సొమ్ము ఉంటాయి. పరిశోధన కోసమని ఎవరూ వాటిని రాయలేదు, డబ్బు రాబట్టుకోవడానికి రాశారు. అలాంటివి కోట్ల సంఖ్యలో ఒకచోట చేరితే మాత్రం ఏ ఆస్పత్రికీ, ఏ డాక్టరుకూ విడిగా కనిపించనివి బయటపడతాయి.

ధరల సంగతే చూడండి. ఆస్పత్రికీ ఇన్సూరెన్స్ కంపెనీకీ మధ్య కుదిరిన రేటును అమెరికాలో చాలాకాలం వ్యాపార రహస్యంగా దాచారు. ఏట్నా, హ్యుమానా, యునైటెడ్‌హెల్త్ కంపెనీల 2007–2011 నాటి క్లెయిములు హెల్త్‌కేర్ కాస్ట్ ఇన్‌స్టిట్యూట్ ద్వారా ఆర్థికవేత్త జాక్ కూపర్ బృందం చేతికి వచ్చాకే ఆ తెర తొలగింది. చుట్టుపక్కల పోటీ లేని ఆస్పత్రులు, నాలుగు లేదా అంతకుమించి పోటీ ఆస్పత్రులున్న చోటి వాటి కంటే సుమారు 12 శాతం ఎక్కువ వసూలు చేసినట్టు తేలింది. ఒకే ఆస్పత్రి ఒకే చికిత్సకు ఒక్కో కంపెనీ దగ్గర ఒక్కో రేటు తీసుకున్నట్టూ బయటపడింది. ఆస్పత్రుల విలీనాల మీద జరిగే వాదనలకు ఇంత గట్టి ఆధారం అంతకుముందు లేదు.

మందుల భద్రత విషయంలో ఈ క్లెయిముల విలువ ఇంకా ఎక్కువ. రక్తం గడ్డకట్టకుండా వాడే డాబిగాట్రాన్ 2010లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. ఏడాది తిరిగేసరికి రక్తస్రావం ఫిర్యాదులు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి కుప్పలుగా చేరాయి. అయితే కొత్త మందుతో రక్తం పోతే డాక్టరు ఫిర్యాదు రాస్తాడు. దశాబ్దాలుగా వాడుతున్న వార్ఫరిన్‌తో పోతే తెలిసిందేగా అని ఊరుకుంటాడు. ఫిర్యాదులు లెక్కపెడితే సరిపోదు, మందు వాడిన వాళ్లెంతమందో కూడా తెలియాలి. అది చెప్పగలిగింది క్లెయిములే. ఇన్సూరెన్స్ సంస్థల సమాచారంతో ఎఫ్‌డీఏ అప్పటికే నడుపుతున్న మినీ సెంటినెల్‌లో చూస్తే, కొత్తగా డాబిగాట్రాన్ మొదలుపెట్టిన వాళ్లలో రక్తస్రావం వార్ఫరిన్ కంటే ఎక్కువగా కనిపించలేదు. 2012 నవంబరులో ఎఫ్‌డీఏ ఆ మాట ప్రకటించింది. పక్షవాతం ముప్పున్న రోగులు భయంతో మందు మానేయకుండా ఉండటానికి ఆ ప్రకటన ఎంతో అవసరమైంది.

అన్నిటికంటే ముచ్చటైన పని 2019లో చిరాగ్ లఖానీ, చిరాగ్ పటేల్ బృందం చేసింది. ఏట్నా దగ్గరున్న సుమారు నాలుగున్నర కోట్ల మంది సమాచారంలో ఒకే కుటుంబ పాలసీ కింద, ఒకే తేదీన పుట్టిన పిల్లల్ని వెతికారు. 56,396 కవలల జంటలు దొరికాయి. ఏకరూప కవలలెవరో క్లెయిములో ఉండదు. కానీ ఆడ, మగ కవలలు ఏకరూపులు కాలేరు కదా! ఆ ఒక్క నిజం పట్టుకుని 560 జబ్బుల్లో జన్యువుల వాటా, ఇంటి వాతావరణం వాటా విడదీశారు. దాదాపు 40 శాతం జబ్బుల్లో జన్యు ప్రభావం, 25 శాతంలో కలిసి పెరిగిన పరిసరాల ప్రభావం తేలాయి. కవలల్ని ఒక్కొక్కరినీ వెతికి నమోదు చేసుకోవడానికి దేశాలు దశాబ్దాలు వెచ్చించాయి. ఇక్కడ బిల్లులు చదివితే చాలింది.

అలాగని క్లెయిములో ఉన్నదంతా నిజం అనుకోకూడదు. షుగరు ఉందేమోనన్న అనుమానంతో పరీక్ష రాసినా బిల్లు మీద షుగరు కోడు పడొచ్చు. అందుకే జాగ్రత్తగల పరిశోధకులు ఒకే జబ్బు కోడు రెండు వేర్వేరు తేదీల్లో కనిపిస్తేనే లెక్కలోకి తీసుకుంటారు. వాల్‌మార్ట్‌లో నాలుగు డాలర్లు చేతికిచ్చి కొన్న బీపీ మాత్ర ఏ క్లెయిములోనూ ఉండదు. 2015 అక్టోబరు 1న అమెరికాలో జబ్బు కోడుల పద్ధతే మారింది. ఆ తేదీ మరచిన వాళ్లకు జబ్బులు ఒక్కరోజులో పెరిగినట్టో తగ్గినట్టో కనిపిస్తాయి. ఇన్సూరెన్స్ లేని పేదవాడైతే ఈ సమాచారంలో అసలు లేనే లేడు.

గోప్యత మాటకొస్తే పరిశోధకురాలు లటాన్యా స్వీనీ 1990లలో చేసి చూపించింది ఈనాటికీ హెచ్చరికే. మసాచుసెట్స్ ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య ఇన్సూరెన్స్ సమాచారాన్ని పేర్లు తీసేసి పరిశోధకులకిచ్చారు. స్వీనీ 20 డాలర్లకు కేంబ్రిడ్జి ఓటర్ల జాబితా కొని, పుట్టిన తేదీ, ఆడా మగా, పిన్‌కోడు సరిపోల్చి, సాక్షాత్తూ రాష్ట్ర గవర్నరు విలియం వెల్డ్ రికార్డునే పట్టుకున్నారు. పేరు తీసేస్తే మనిషి దాగిపోడు.

ఇంతటి సమాచారం ఎవరి ఇష్టం మీద నడుస్తోందన్నది మరో చిక్కు. అన్ని కంపెనీలూ క్లెయిములు ఇవ్వాలని వెర్మాంట్ రాష్ట్రం చట్టం చేస్తే, ఉద్యోగులకు సొంత నిధులతో ఇన్సూరెన్స్ నడిపే యాజమాన్యాలకు అది వర్తించదని 2016లో అమెరికా సుప్రీంకోర్టు 6–2తో తీర్పిచ్చింది. రోగుల జబ్బుల చరిత్ర కంపెనీ దయ మీద ఆధారపడటం సరికాదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. దేశంలో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఉన్నది హైదరాబాదులోనే. క్లెయిముల సమాచారం కూడబెట్టే ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో కూడా ఇక్కడే ఉంది. ఆస్పత్రులకు రోహిణి పేరుతో విడివిడి నంబర్లిచ్చేది అదే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల కాన్పుల్లో 81.5 శాతం సిజేరియన్లు. సర్వే తల్లుల్ని అడిగి రాసింది కాబట్టి జిల్లా వరకే చెప్పగలదు. ఏ ఆస్పత్రిలో ఎంత, మామూలు కాన్పుకూ ఆపరేషనుకూ బిల్లులో తేడా ఎంత, ఆ తేడా పెరిగినచోట ఆపరేషన్లూ పెరిగాయా అన్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల గ్రూపు పాలసీల ప్రసూతి క్లెయిముల్లో వెతకవచ్చు. తల్లుల పుట్టిన తేదీ బదులు వయసు మాత్రమే ఇచ్చి, బ్యూరో ఆవరణలోనే కూర్చుని లెక్కించుకునే షరతుతో, విశ్వవిద్యాలయ పరిశోధకులకు ఆ క్లెయిములు తెరవాలని ఈ సదస్సు ఐఆర్‌డీఏఐని కోరాలి. తీర్మానం ముసాయిదాలో మొదటి అంశంగా చర్చకు తీసుకోవాల్సింది ఇదే.