క్యాంపర్‌కి తాళం వేసేముందు ఒక డబ్బా

ఈరోజు నా గొంతు కొంచెం బొంగురుగా ఉంటుంది, ఏమనుకోకండి. రెండు రోజులు చల్లగాలిలో నిలబడి పైపులు కడిగిన ఫలితం ఇది. ఎండాకాలం అంతా వీడియోల్లో నా వెనకాల ఒక తెల్లబండి కనిపించేది కదా, అదే మా క్యాంపర్. నిన్న దాన్ని మూసేసి ఇంటికొచ్చాం. మళ్ళీ మే నెలలోనే తెరుస్తాం.

ఇవాళ రెండు విషయాలు చెప్తాను. ఒకటి, చలి దేశంలో క్యాంపర్‌ని ఎలా మూయాలో. రెండోది, రెండేళ్ళ కింద అలా మూసేటప్పుడు నా జీవితంలో ఏం జరిగిందో. రెండోది చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. అమ్మని అడిగాను. "చెప్పుకో, నా మొహం మాత్రం చూపించకు" అంది. అందుకే చెప్తున్నా.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చిన్న ఇంట్రో. మాది తెనాలి. 2019లో బీటెక్ అయింది. తర్వాత కెనడా వచ్చాను. టొరంటోలో సాఫ్ట్‌వేర్ జాబ్ చేశాను. పీఆర్ వచ్చాక జాబ్ మానేసి ఇదిగో ఇలా మీ ముందు కూర్చుంటున్నాను. నేను గే. మావాడు బ్రాంప్టన్‌లో పుట్టి పెరిగిన పంజాబీ. ఇద్దరం కలిసి 2022లో సెకండ్ హ్యాండ్‌లో ఈ క్యాంపర్ కొన్నాం. 24 అడుగుల పొడవు. లోపల ఒక మంచం, చిన్న కిచెన్, బాత్‌రూమ్. అంతే మా ప్యాలెస్.

ఇక్కడ ఓంటారియోలో క్యాంప్‌గ్రౌండ్ సీజన్ మే నెలలో విక్టోరియా డే దగ్గర మొదలై, అక్టోబర్ రెండో సోమవారం వచ్చే థాంక్స్‌గివింగ్‌తో అయిపోతుంది. సీజన్ మొత్తానికి ఒక స్థలం అద్దెకి తీసుకుంటాం. బండి అక్కడే ఉంటుంది, మనం శని ఆదివారాలు వెళ్ళొస్తాం.

మేం వెళ్ళేది ఎల్జీబీటీక్యూ ఫ్రెండ్లీ క్యాంప్‌గ్రౌండ్. పేరు వినగానే ఏదేదో ఊహించుకోకండి. కుక్కలు తిరుగుతుంటాయి, సాయంత్రం నెగడు వేసుకుంటారు, ఎవరో ఒకరు శ్రుతి లేకుండా పాడతారు, శనివారం అందరూ తలా ఒక వంట తెస్తారు. మన పులిహోరకి అక్కడ ఫ్యాన్ క్లబ్ ఉంది. మరి తేడా ఏంటి? ఒకటే. మిమ్మల్ని ఎవరూ "మీరిద్దరూ ఏమవుతారు?" అని అడగరు. అంతకుముందు వేరే చోట రూమ్ తీసుకుంటుంటే కౌంటర్‌లో ఒకాయన మూడుసార్లు అడిగాడు, "ఒకటే బెడ్డా? కన్‌ఫర్మా?" అని. తిట్టలేదు, కొట్టలేదు. కానీ ఆ మూడోసారికి మనం దొంగల్లా అయిపోతాం. అలా అవ్వని చోటు కోసం మేం వంద కిలోమీటర్లు డ్రైవ్ చేస్తాం.

సరే, మొదట పైపుల సంగతి.

నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. ఇనుమైనా ప్లాస్టిక్ అయినా ఆ ఒత్తిడికి ఆగదు. చలికాలంలో పగులుతుంది, కానీ మనకి తెలిసేది మే నెలలో, నీళ్ళు వదిలినప్పుడు. కాబట్టి బండిలో ఒక్క చుక్క నీరు ఉండకూడదు. ముందు మురుగు ట్యాంకులు ఖాళీ చేసి కడగాలి. తర్వాత మంచినీళ్ళ ట్యాంకు. గీజర్‌లో దాదాపు 23 లీటర్లు ఉంటాయి. దాన్ని చల్లారనిచ్చి, ప్రెషర్ వదిలేసి, అప్పుడే ప్లగ్ తీయాలి. వేడిగా ఉండగా తీస్తే మొహం కాలిపోతుంది, జాగ్రత్త.

తర్వాత గులాబీ రంగు యాంటీఫ్రీజ్. ఇది ప్రొపిలీన్ గ్లైకాల్. కారులో పోసేది వేరు, అది ఇథిలీన్ గ్లైకాల్, విషం. రెండూ కలగాపులగం చేయకండి. గీజర్‌కి బైపాస్ వాల్వ్ తిప్పి, పంపుతో ఈ గులాబీ నీళ్ళని పైపుల్లోకి లాగి, ఒక్కో కొళాయి తెరవాలి. వేడిది, చల్లది, షవర్, టాయిలెట్, అన్నిట్లో గులాబీ రంగు వచ్చేదాకా. సింకు కింద వంపు తిరిగిన పైపులో కూడా కొంచెం పోయాలి.

మొదటి ఏడాది నేను చెక్‌లిస్ట్ రాసుకున్నాను. ఇంజనీర్ని కదా, బాగా పొగరు. అన్నీ టిక్ పెట్టాను. బండికి బయటవైపు, ఇసుక కాళ్ళు కడుక్కోడానికి ఒక చిన్న షవర్ ఉంది. దాన్ని ఆ ఎండాకాలంలో ఒక్కసారి కూడా వాడలేదు, అందుకే గుర్తు లేదు. 2023 మేలో నీళ్ళు వదిలితే గోడ లోపలినుంచి వాన. టెస్ట్ చేయని కోడే ప్రొడక్షన్‌లో పేలుతుంది అంటారే, అదే.

నీళ్ళు అయ్యాక మిగతావి. ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు తెరిచి ఉంచాలి, లేకపోతే బూజు. బ్యాటరీ తీసి ఇంటికి తెచ్చుకోవాలి. గ్యాస్ సిలిండర్ కట్టేయాలి. పరుపు నిలబెట్టాలి. కింద పైపులు దూరే సందుల్లో స్టీల్ పీచు కుక్కాలి, ఎలుకలు దాన్ని కొరకలేవు. తినేది ఏదీ, ఆఖరికి బిస్కెట్ పొడి కూడా, లోపల ఉండకూడదు.

ఇప్పుడు అసలు కథ. 2023 అక్టోబర్, థాంక్స్‌గివింగ్ వీకెండ్. ఆ శుక్రవారం, 13న, అమ్మానాన్న మొదటిసారి కెనడా వస్తున్నారు. మావాడు వాళ్ళకి "రూమ్‌మేట్". అపార్ట్‌మెంట్‌లో రెండు బెడ్‌రూములు ఉన్నాయి కాబట్టి అబద్ధం కూడా సుఖంగానే ఉంది. నేను ఇంట్లోంచి మా ఫొటోలు, పుట్టినరోజు కార్డులు, మేమిద్దరం కప్పుకునే ఒక దుప్పటి, చిన్న రెయిన్‌బో జెండా, అన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి క్యాంపర్‌కి తెచ్చాను. చలికాలం అంతా బండికి తాళం వేసే ఉంటుంది. ఇంతకంటే సేఫ్ ప్లేస్ ఏముంది? మావాడు ఏమీ అనలేదు. డబ్బా కారెక్కించడానికి మాత్రం చెయ్యి వేయలేదు.

మా పక్క సైట్‌లో ఇద్దరు పెద్దాయనలు ఉంటారు. డెబ్బై దాటినవాళ్ళు. 2003లో ఓంటారియోలో మన లాంటివాళ్ళ పెళ్ళికి చట్టబద్ధత వచ్చిన ఏడాదే పెళ్ళి చేసుకున్నారు. బయట షవర్ సంగతి తర్వాత, వాళ్ళలో ఒకాయన నా చెక్‌లిస్ట్ స్వయంగా చూడ్డానికి వచ్చారు. ఒక్కొక్కటీ చూసి, మంచం కింద ఉన్న డబ్బా దగ్గర ఆగారు. ఏంటిది అన్నారు. ఫొటోలు, బట్టలు అన్నాను.

"కాగితం, దుప్పటి. ఎలుకలకి ఇంతకంటే మంచి పరుపు దొరకదు. మే నెలలో తెరిస్తే పిల్లల్ని పెట్టి ఉంటాయి. తీసెయ్" అన్నారు.

ఇంట్లో పెట్టలేను, అమ్మానాన్న వస్తున్నారు అని చెప్పాను. ఆయన కాసేపు స్టీల్ పీచు చుట్టుకుంటూ కూర్చున్నారు. తర్వాత చెప్పారు. 1981 ఫిబ్రవరి 5 రాత్రి టొరంటో పోలీసులు గే బాత్‌హౌస్‌ల మీద రెయిడ్ చేసి దాదాపు 300 మందిని అరెస్ట్ చేశారు. మర్నాడు రాత్రి వేలమంది రోడ్డెక్కారు, ఆయన కూడా వెళ్ళారు. కానీ ఉద్యోగం పోతుందేమోనని భయం. ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ ఒక ఫ్రెండ్ బేస్‌మెంట్‌లో దాచారు. అక్కడికి నీళ్ళొచ్చాయి. "పోలీసులు 2016లో సారీ చెప్పారు. ఫొటోలు మాత్రం రాలేదు. నా ఇరవైల్లో నేనెలా ఉండేవాణ్ణో చూపించడానికి నా దగ్గర ఒక్కటీ లేదు" అన్నారు. అంతే. మీ పేరెంట్స్‌కి చెప్పు అనలేదు. లేచి గ్యాస్ వాల్వ్ చెక్ చేయడానికి వెళ్ళిపోయారు.

డబ్బా కారులో ఇంటికొచ్చింది. బట్టల అల్మారా పైన పెట్టాను.

అమ్మానాన్న దిగారు. జెట్‌లాగ్. 16 రాత్రి దాటి 17, ఒంటిగంట అయింది. ఇద్దరికీ నిద్ర లేదు. నాన్న ఫోన్‌లో తెలుగు న్యూస్ పెట్టారు. అక్కడ ఉదయం కదా. సుప్రీంకోర్టు తీర్పు చదువుతున్నారు. కేసు వేసినవాళ్ళలో ముందున్న జంట మన హైదరాబాద్‌వాళ్ళే, సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్. పెళ్ళి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదు, చట్టం కావాలంటే పార్లమెంటే చేయాలి అని ఐదుగురు జడ్జిలూ అన్నారు.

నాన్న లెక్కల మాస్టారు. ఒక్క ముక్కలో తేల్చేస్తారు. "మంచి పని చేశారు. లేకపోతే రేపు మన ఇళ్ళల్లోకి కూడా వచ్చేది ఈ గోల" అన్నారు.

2018 సెప్టెంబర్ 6 గుర్తొచ్చింది నాకు. 377 తీర్పు వచ్చినరోజు నేను ఫైనల్ ఇయర్, హాస్టల్‌లో ఉన్నా. రూమంతా జోకులు. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఈసారి నవ్వలేకపోయాను.

లోపలికెళ్ళి డబ్బా తెచ్చి టీపాయ్ మీద పెట్టాను. పైన ఉన్న ఫొటో తీసి అమ్మ చేతికిచ్చాను. "ఆ గోల ఇదే నాన్నా. మీరిప్పుడు కూర్చున్నది ఆ ఇంట్లోనే" అన్నాను. సినిమాలో అయితే ఇక్కడ మ్యూజిక్ వస్తుంది. మా ఇంట్లో ఫ్రిజ్ సౌండ్ వచ్చింది.

నాన్న ఫోన్ ఆపేసి గదిలోకి వెళ్ళిపోయారు. అమ్మ ఫొటోని చాలాసేపు చూసింది. "ఆ అబ్బాయి వాళ్ళమ్మకి తెలుసా?" అంది.

"తెలుసమ్మా."

"ఏమంది?"

"మొదటి ఏడాది మాట్లాడలేదు. ఇప్పుడు పరాఠాలు పంపిస్తోంది."

అమ్మ ఏడ్చింది. తర్వాత లేచి అర్ధరాత్రి రెండింటికి గ్లాసులు కడిగింది. ఆ నెలన్నరా నాన్న నాతో వాతావరణం గురించి తప్ప ఏదీ మాట్లాడలేదు. దసరా, దీపావళి అలాగే గడిచాయి. ఎయిర్‌పోర్టులో మావాడు బ్యాగులు మోస్తే వద్దనలేదు, థాంక్స్ కూడా అనలేదు.

2024 మేలో అమ్మ ఫోన్ చేసి, ఏవేవో మాట్లాడి, చివర్లో అడిగింది: "ఆ బండి తెరిచారా? ఈసారి పైపులు పగల్లేదు కదా?" పగల్లేదమ్మా అన్నాను. నేను ఫోన్ పెట్టేశాక ఎంతసేపు అక్కడే నిలబడ్డానో నాకే తెలీదు.

ఇది చూసి "అన్నా, నేనూ ఇవాళే చెప్పేస్తా" అని ఎవరైనా లేస్తే, ప్లీజ్, ఆగండి. నేను చెప్పేనాటికి నా జీతం నాకుంది, ఇల్లు నా పేరు మీదుంది, పక్కన ఒక మనిషి ఉన్నాడు. మీరు ఇంకా వాళ్ళ ఇంట్లో, వాళ్ళ ఫీజు మీద చదువుతుంటే, కొట్టే మనుషులుంటే, తొందరపడకండి. ముందు మీరు సేఫ్‌గా ఉండాలి. దాచుకోవడం తప్పు కాదు. కానీ దాచినదాన్ని తడి తగిలేచోట, ఎలుకలు తిరిగేచోట పడెయ్యకండి. మీ గురించి తెలిసిన ఒక్క ఫ్రెండ్‌ని సంపాదించుకోండి. మీ ఫొటోలు వాళ్ళ దగ్గర ఒక కాపీ ఉంచండి. డేటా బ్యాకప్ అనుకోండి.

నిన్నటి విషయం చెప్పి ముగిస్తాను. బండి మూస్తుంటే అమ్మ వీడియో కాల్ చేసింది. లోపలంతా చూపించమంది. ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచావేంట్రా అని తిట్టింది. మావాడు పరుపు నిలబెడుతూ "నమస్తే ఆంటీ" అన్నాడు. వాడికొచ్చిన తెలుగు అంతే, అది కూడా తెలుగు కాదు. అంతలో అమ్మ వెనకాలనుంచి, ఫోన్‌లో కనిపించకుండా, నాన్న గొంతు.

"బ్యాటరీ తీశారో లేదో అడుగు వాళ్ళని."

వాళ్ళని అన్నారు. వాణ్ణి అనలేదు.

తీశాం నాన్నా. కారులో ఉంది. ఉంటాను ఫ్రెండ్స్, చలికి జాగ్రత్త. వచ్చే వారం కలుద్దాం.