కణంలోని మూషికవాహనాలు

డెబ్బదియైదేండ్ల పండుగలో జీవశాస్త్రం గురించి నాలుగు మాటలు చెప్పవలసినదిగా నిర్వాహకులు కోరినారు. పండుగనాడు కూడ పాఠమేనా అని పిల్లలు నొచ్చుకోవద్దు. ఈ పాఠం వారికంటె వారి తల్లిదండ్రులకే ఎక్కువ అవసరం.

కురుడుమలెలో నిలబడి మాట్లాడేవారు వినాయకుణ్ణి తలచకుండా ఆరంభించలేరు. ఏకశిలలో మలచిన ఆ మహామూర్తిని చూచిన ప్రతి పిల్లవానికీ, ఇంతటి స్వామిని అంత చిన్న ఎలుక ఎట్లా మోస్తుందన్న సందేహం ఒకనాడు కలిగే ఉంటుంది. అటువంటి వాహనాలు మన దేహంలో నిజంగానే ఉన్నవి. తమకన్న ఎన్నో రెట్లు పెద్దవైన మూటలను లాగుకొంటూ, మన జీవకణాలలో ఈ క్షణాన కూడ నడుస్తున్నవి. వాటిని చాలక ప్రోటీనులు అంటారు.

కంటికే కనిపించని కణంలో రవాణా దేనికని అడుగవచ్చు. నాడీకణాన్ని తీసుకొందాం. దాని ముఖ్యభాగం వెన్నెముక వద్ద ఉండగా, అందులో నుండి బయలుదేరిన ఒక్క తంతువు పాదం దాకా, అనగా ఇంచుమించు ఒక మీటరు పొడవున సాగిపోతుంది. ఆ కొసన కావలసిన సరకు చాలవరకు తయారయ్యేది ఈ కొసన. కోలారు బంగారు గనులలో పనిచేసిన కుటుంబాల వారికి ఈ చిక్కు వేరే చెప్పనక్కరలేదు. ఛాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్ల పైమాట. 2001లో గనులు మూతపడినవి గాని, మనుషులను దింపే కేజ్ ఒక గంట ఆగితే లోపలి పని ఏమయ్యేదో ఇప్పటికీ చెప్పగల పెద్దలున్నారు. భేదం ఒక్కటే. గనిలో త్రాడును పైనున్న యంత్రం లాగేది. కణంలో ఏ మూటను లాగేవారు ఆ మూటకే ఉంటారు.

వారు నడిచే దారి పేరు సూక్ష్మనాళిక. ట్యూబ్యులిన్ అనే ప్రోటీను ఇటుకలతో కట్టిన బోలు గొట్టమది. దాని వ్యాసం 25 నానోమీటర్లు. ఒక మిల్లీమీటరుకు పదిలక్షల నానోమీటర్లు. నాడిలో ఈ దారి వెంట బయటికి సరకు తీసుకొనిపోయేది కినెసిన్, లోపలికి తెచ్చేది డైనీన్. కినెసిన్‌ను 1985లో అమెరికాలోని వుడ్స్ హోల్‌లో రోనాల్డ్ వేల్, థామస్ రీస్, మైకేల్ షీట్జ్ గుర్తించినారు. స్క్విడ్ అనే సముద్రజీవికి గల లావుపాటి నాడి వారికి తోడ్పడింది. కినెసిన్‌కు రెండు పాదాలు. ఒకటి దారిపై ఆనియుండగా రెండవది ముందుకు పడుతుంది. అడుగు 8 నానోమీటర్లు. ఒక్క మిల్లీమీటరు సాగాలంటే 1,25,000 అడుగులు పడవలె. ఒక కినెసిన్ సుమారు నూరు అడుగులు వేసి పట్టు జారవిడుస్తుంది. అదే మూటకు తగులుకొని ఉన్న మరొకటి అందుకొంటుంది.

ప్రతి అడుగుకు ఒక ఏ.టి.పి. అణువు ఖర్చవుతుంది. ఆ ఇంధనాన్ని 1929లో కండరంలో కనుగొన్నవారిలో మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలసి దానిని వేరుచేసినాడు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడ విడిగా కనుగొన్నాడు. సుబ్బారావు 1948లో అమెరికాలోనే మరణించినాడు. కినెసిన్ పేరే పుట్టని కాలమది.

డైనీన్ సంగతి మరింత విచిత్రం. ఒంటరిగా అది కినెసిన్ కంటె బలహీనం. అయితే అనేక డైనీన్లు ఒకే బరువుకు తగులుకొన్నప్పుడు, రథం త్రాడు పట్టిన జనం వలె, బరువును పంచుకొని లాగగలవని 2013లో ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో రూప్ మల్లిక్ బృందం చూపింది. చాలక ప్రోటీనులపై కృషికి ఆయనకు 2018లో ఇన్ఫోసిస్ బహుమతి లభించింది.

ఇక తల్లిదండ్రులు వినవలసిన మాట. ఈ లోపలి దారిని ఒక శత్రువు కూడ వాడుకొంటుంది. అది పిచ్చికుక్క కాటు వలన వచ్చే రేబిస్ వైరస్. కాటుతో కండరంలో దిగిన వైరస్ అక్కడ కొన్నాళ్ళు, ఒక్కొక్కప్పుడు నెలలు గడుపుతుంది. పిదప నాడికొసలో ప్రవేశించి, డైనీన్ లాగే మూటలో చేరి, వెన్నుపాముకు, మెదడుకు ప్రయాణం కడుతుంది. నాడి క్షేమం కోసం కొస నుండి కణానికి ఒక వృద్ధికారకం కబురు తెస్తుంది. ఆ కబురును పట్టుకొనే గ్రాహకాన్నే వైరస్ పట్టుకొంటుందని, మామూలు సరకు కంటె వేగంగా పోతుందని, 2014లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం వారు ఎలుక నాడీకణాలలో చూచినారు. మన ఉత్తరం మోసే బండిలోనే దొంగ ఎక్కినాడన్నమాట. వ్యాధి లక్షణాలు బయటపడిన పిమ్మట బ్రతికి బయటపడినవారు బహు అరుదు.

కనుక మనకు చిక్కిన సమయం, వైరస్ ఇంకా దారి ఎక్కని సమయమే. కరచిన వెంటనే సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడుగవలె. అనగా ఒక తరగతి గంటలో మూడవ వంతు. చెప్పినంత తేలిక కాదు, పిల్లవాడు ఏడుస్తాడు, అయినా కడుగవలె. కారం, సున్నం, ఆకుపసరు పూయరాదు. టీకా వేసినా దేహం ప్రతిరక్షకాలు సిద్ధం చేసుకోవడానికి వారం పైన పడుతుంది. రక్తం వచ్చిన కాటుకు ఆ వ్యవధిలో కాపలాగా, ఇమ్యూనోగ్లోబ్యులిన్‌ను గాయంలోనే వేస్తారు. మిగిలిన టీకాల తేదీలు గాయం మానిందని విడువరాదు. గర్భిణులకు, పసిపిల్లలకు సైతం ఈ టీకాకు అభ్యంతరం లేదు.

పిల్లలు తిట్లకు జడిసి కుక్క గీరిన సంగతి దాస్తారు. చెప్పిన పిల్లను ఆ పూటకు కోప్పడకండి. ముందు నీళ్ళ దగ్గరకు, ఆపైన ఆసుపత్రికి తీసుకొనిపోండి.